కండరాలు పట్టించుకోని ఇన్సులిన్‌కు అండాశయం ఎలా స్పందిస్తోంది?

ప్రశ్న: పాలకొల్లు విద్యార్థిని

నమస్కారం. నేను జీవరసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ (పీసీఓఎస్, అంటే నెలసరి తప్పడం, పురుష హార్మోన్లు పెరగడం కనబడే సమస్య) ఏర్పడడంలో కణ సంకేత మార్గాల పాత్రపై తరగతిలో సెమినార్ ఇవ్వవలసి ఉంది. ఎంత చదివినా ఒక చిక్కు దగ్గరే ఆగిపోతున్నాను గనుక ఇక్కడి పెద్దలను అడుగుతున్నాను.

పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో చాలామందికి ఇన్సులిన్ నిరోధకత ఉంటుందని, అంటే వారి కండరాలు, కొవ్వు కణాలు ఇన్సులిన్ సంకేతానికి తగినంతగా స్పందించవని పుస్తకం చెబుతోంది. ఆ వెంటనే, రక్తంలో పెరిగిన ఆ ఇన్సులినే అండాశయాన్ని ప్రేరేపించి టెస్టోస్టిరాన్ వంటి పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుందని కూడా చెబుతోంది. హార్మోన్ ఒకటే, దానిని పట్టుకునే కణపు ప్రొటీన్, అంటే గ్రాహకం ఒకటే అయినప్పుడు, కండరంలో మందగించిన సంకేతం అండాశయంలో అంత బలంగా ఎలా పనిచేస్తోంది?

రెండవ సందేహం. నేను చూసిన పటాలలో ఇన్సులిన్ మార్గాన్ని, పీయూష గ్రంథి హార్మోన్ అయిన ఎల్‌హెచ్ మార్గాన్ని, అండాశయంలోనే తయారయ్యే ఏఎంహెచ్ అనే హార్మోన్ మార్గాన్ని మూడు వేరువేరు గడులలో వేశారు. వీటిలో ముందుగా చెడేది ఏది?

మా పిన్నిగారి అమ్మాయికి కూడా ఈ సమస్య ఉంది. ఆమె సన్నగానే ఉంటుంది, అయినా మెడ వెనుక చర్మం నల్లబడింది, నెలసరి రెండు మూడు నెలలకొకసారి గాని రావడం లేదు. లావుగా లేనివారికి ఈ ఇన్సులిన్ వివరణ వర్తిస్తుందా?

సమాధానం: కాకినాడ, హార్మోన్ల వైద్యుడు

అమ్మా, మీరు ఆగిన చోటే ఈ విషయమంతా ముడిపడి ఉంది. ఇన్సులిన్ నిరోధకత శరీరమంతటా ఒకే మోతాదులో ఉండదు. డెల్టాలో పుట్టినవారు కనుక మీకు ఇది తేలికగా అర్థమవుతుంది: శివారు చేలకు నీరందడం లేదని లాకుల దగ్గర మరింత నీరు వదిలితే, ఎగువన తూములు తెరిచి ఉన్న చేలు మునుగుతాయి. కండరాలు శివారు చేలు. అవి గ్లూకోజును లోపలికి తీసుకోకపోవడం వల్ల క్లోమం ఇన్సులిన్‌ను మరింతగా విడుదల చేస్తుంది, ఆ పెరిగిన ఇన్సులిన్ అంతా స్పందన తగ్గని అండాశయం మీద పడుతుంది.

కణం లోపలికి వస్తే, ఇన్సులిన్ వచ్చి చేరగానే గ్రాహకంలోని టైరోసిన్ అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్ చేరుతుంది, ఆ తరువాత సంకేతాన్ని లోపలికి అందించే ఐఆర్‌ఎస్ ప్రొటీన్లు ఉత్తేజితమవుతాయి. అక్కడి నుండి సంకేతం రెండు శాఖలుగా చీలుతుంది. పీఐ3 కైనేజ్, ఏకేటీ అనే ఎంజైముల (కైనేజ్ అంటే ఫాస్ఫేట్‌ను చేర్చే ఎంజైమ్) మీదుగా వెళ్లే శాఖ గ్లూట్-4 అనే గ్లూకోజు వాహకాన్ని కణం పైపొరకు చేరుస్తుంది. మ్యాప్ కైనేజ్ మీదుగా వెళ్లే శాఖ కణ విభజనకు, పెరుగుదలకు సంబంధించినది. పీసీఓఎస్ ఉన్నవారి చర్మ కణాలను పెంచి చూసినప్పుడు మొదటి శాఖ మందగించిందని, రెండవది దాదాపు మామూలుగానే ఉందని తేలింది. చాలా పాఠ్యపుస్తకాలు మీ ప్రశ్నకు ఇచ్చే జవాబు ఇదే.

పెరిగిన ఇన్సులిన్ నిజంగానే పురుష హార్మోన్లను పెంచుతోందా అన్నదానికి 1989లో చేసిన ఒక ప్రయోగం చక్కని సాక్ష్యం. స్థూలకాయం, పీసీఓఎస్ ఉన్న స్త్రీలకు డయజాక్సైడ్ ఇచ్చి ఇన్సులిన్ విడుదలను తగ్గించినప్పుడు, వారి బరువు మారకుండానే టెస్టోస్టిరాన్ తగ్గింది, దానిని రక్తంలో పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ ప్రొటీన్ పెరిగింది. ఎస్‌హెచ్‌బీజీ సంగతిని సెమినార్‌లో వదలకండి. కాలేయంలో దాని ఉత్పత్తిని ఇన్సులిన్ తగ్గిస్తుంది, అందువల్ల మొత్తం టెస్టోస్టిరాన్ కొద్దిగానే పెరిగినా కణాలకు అందుబాటులో ఉండే స్వేచ్ఛా భాగం బాగా పెరుగుతుంది. మొత్తం టెస్టోస్టిరాన్ నివేదికలో మామూలుగా ఉన్నా గడ్డం కింద వెంట్రుకలు ఎందుకు వస్తున్నాయని అడిగే అమ్మాయిలకు నేను చెప్పే కారణాలలో ఇది ముఖ్యమైనది.

మీ పిన్నిగారి అమ్మాయి విషయంలోనూ ఇది వర్తిస్తుంది. బరువుతో సంబంధం లేకుండా పీసీఓఎస్‌లో ఇన్సులిన్ నిరోధకత ఉండవచ్చని 1989 నుండే తెలుసు. పైగా మన దక్షిణాసియా వారిలో తక్కువ బరువు దగ్గరే జీవక్రియ సమస్యలు మొదలవుతాయి. మెడ నల్లబడడానికి కూడా అదే మూలం, ఎందుకంటే అధిక ఇన్సులిన్ చర్మ కణాలలోని ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోన్ గ్రాహకం మీద కూడా పనిచేసి వాటి పెరుగుదలను ప్రేరేపిస్తుంది. ఆమెకు 75 గ్రాముల గ్లూకోజుతో చేసే రక్త పరీక్ష చేయించండి. విడిగా ఇన్సులిన్ స్థాయి పరీక్ష కోసం డబ్బు ఖర్చు పెట్టవలసిన పని లేదు.

సమాధానం: అమలాపురం, జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు

డాక్టరు గారి ప్రధాన వాదనతో నాకు పేచీ లేదు. అయితే రెండు శాఖల వివరణను అండాశయానికి నేరుగా అన్వయిస్తే అది నిలవదు, పరీక్షకులు అక్కడే పట్టుకుంటారు.

పురుష హార్మోన్లు తయారయ్యేది ఫాలికిల్ (అండం ఎదిగే చిన్న సంచి) వెలుపలి పొరలోని థీకా కణాలలో. ఆ తయారీలో నిర్ణాయకమైన ఎంజైమ్ సీవైపీ17ఏ1. మానవ థీకా కణాలను పెంచి, ఏ శాఖను అడ్డుకుంటే ఇన్సులిన్ ప్రభావం పోతుందో చూసినప్పుడు, ఆ ఎంజైమ్ చురుకుదనాన్ని ఇన్సులిన్ పెంచేది పీఐ3 కైనేజ్ ద్వారానే గాని, మ్యాప్ కైనేజ్ శాఖలోని ఈఆర్‌కే ద్వారా కాదని తేలింది. అంటే కండరంలో మందగించిందని చెబుతున్న ఆ శాఖే ఇక్కడ పని నడిపిస్తోంది. ఇంకా విచిత్రం ఏమిటంటే, పీసీఓఎస్ ఉన్నవారి థీకా కణాలలో ఈఆర్‌కే సంకేతం తగ్గి ఉండడం, ఆ తగ్గుదలే పురుష హార్మోన్ల ఉత్పత్తిని పెంచడం 2005 ప్రాంతపు పరిశోధనలలో కనబడింది. కాబట్టి ఒక శాఖ మూసుకుపోతే సంకేతమంతా రెండవ శాఖలోకి మళ్లుతుందన్న పటం చూడడానికి ముచ్చటగా ఉన్నా, అండాశయం దగ్గర అది తలకిందులవుతుంది.

మరి మీ ప్రశ్నకు జవాబేమిటి? నిరోధకతను కణజాలాన్ని బట్టి, అక్కడ ఇన్సులిన్ చేయించే పనిని బట్టి విడివిడిగా చూడాలి. దీనికి మంచి ఉదాహరణ ఫాలికిల్ లోపలి పొరలోని గ్రాన్యులోసా కణాలు. అండం విడుదల కాని పీసీఓఎస్ స్త్రీల నుండి సేకరించిన ఈ కణాలలో ఇన్సులిన్ వల్ల జరగవలసిన గ్లూకోజు వినియోగం తగ్గింది, కాని అదే ఇన్సులిన్‌కు హార్మోన్ల తయారీ మాత్రం మామూలుగానే స్పందించింది. ఒకే కణంలో ఒక పనికి నిరోధకత ఉండి మరొక పనికి లేకపోవడమన్నమాట.

రెండవ సందేహానికి వస్తాను. థీకా కణాన్ని మొదట నడిపించేది ఇన్సులిన్ కాదు, పీయూష గ్రంథి నుండి వచ్చే ఎల్‌హెచ్. దాని గ్రాహకం జీ ప్రొటీన్ ద్వారా కణం లోపలి సంకేత అణువైన సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది, అది ప్రొటీన్ కైనేజ్ ఏను ఉత్తేజపరుస్తుంది, ఫలితంగా కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియాలోకి చేర్చే స్టార్ ప్రొటీన్, తరువాతి ఎంజైములు పెరుగుతాయి. ఇన్సులిన్ ఈ పనిలో ఎల్‌హెచ్‌కు తోడై దాని ఫలితాన్ని పెంచుతుంది. డాక్టరు గారు చెప్పిన డయజాక్సైడ్ ప్రయోగానికి ఒక జత ప్రయోగం ఉంది: అదే మందును పీసీఓఎస్ లేని, సన్నని ఆరోగ్యవంతులైన స్త్రీలకు ఇచ్చినప్పుడు ఇన్సులిన్ తగ్గినా టెస్టోస్టిరాన్ మారలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇన్సులిన్ ఎవరి అండాశయాన్నైనా ఒకేలా రెచ్చగొట్టదని, ముందే ఆ వైపు మొగ్గి ఉన్న అండాశయంలోనే దాని ప్రభావం బయటపడుతుందని అర్థమవుతుంది.

ఆ మొగ్గు ఎక్కడిది? పీసీఓఎస్ ఉన్నవారి థీకా కణాలను శరీరం నుండి వేరు చేసి, ఎన్నో తరాలు పెంచిన తరువాత కూడా అవి పురుష హార్మోన్లను ఎక్కువగానే తయారు చేశాయి. అప్పటికి వాటి చుట్టూ అధిక ఇన్సులిన్ గాని, అధిక ఎల్‌హెచ్ గాని లేవు. 2011లో చైనాలోని హాన్ స్త్రీలలో జరిగిన జన్యు పరిశీలనలో ఎల్‌హెచ్ గ్రాహకపు జన్యువు, టీహెచ్‌ఏడీఏ, డెన్‌డీ1ఏ అనే మూడు జన్యువుల దగ్గర తేడాలు బయటపడ్డాయి. 2014లో మామూలు థీకా కణాలలో డెన్‌డీ1ఏ ప్రొటీన్ రెండవ రూపాన్ని ఎక్కువ చేస్తే, అవి పీసీఓఎస్ కణాల మాదిరిగానే ప్రవర్తించాయి. అందువల్ల ఇన్సులిన్‌ను మొదటి కారణంగా వేయడం నాకు సమ్మతం కాదు.

పోతే, 1995లో వచ్చిన సెరిన్ ఊహను తప్పక ప్రస్తావించండి. పరిశీలించిన పీసీఓఎస్ స్త్రీలలో దాదాపు సగం మంది కణాలలో ఇన్సులిన్ గ్రాహకానికి టైరోసిన్ బదులు సెరిన్ మీద అధికంగా ఫాస్ఫేట్ చేరి సంకేతం మందగించినట్లు కనబడింది. అదే ఏడాది, సీవైపీ17ఏ1కు సెరిన్ మీద ఫాస్ఫేట్ చేరితే పురుష హార్మోన్లను తయారు చేసే దాని సామర్థ్యం పెరుగుతుందని మరొక బృందం చూపింది. ఒకే కైనేజ్ రెండు చోట్లా పనిచేస్తే నిరోధకత, అధిక పురుష హార్మోన్లు రెండూ ఒక్క దెబ్బతో వివరించవచ్చునని అప్పట్లో అందరూ ఉత్సాహపడ్డారు. ఆ ఒక్క కైనేజ్ మాత్రం ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. అందమైన ఊహ గనుక పుస్తకాలు దానిని వదలడం లేదని నా అభిప్రాయం.

సమాధానం: భీమవరం, స్త్రీ వైద్య నిపుణురాలు

ఇద్దరూ థీకా కణం దగ్గరే ఆగారు. కాని మా దగ్గరకు వచ్చే అమ్మాయిల మొదటి ఫిర్యాదు నెలసరి రాకపోవడం. దానికి ఫాలికిల్ ఎందుకు మధ్యలో ఆగిపోతుందో చెప్పాలి. స్కానింగ్‌లో కనబడే వాటిని మన వైపు నీటి బుడగలు అంటున్నారు. నిజానికి అవి 2 నుండి 9 మిల్లీమీటర్ల దగ్గర ఎదుగుదల నిలిచిపోయిన ఫాలికిల్స్.

చిన్న ఫాలికిల్స్‌లోని గ్రాన్యులోసా కణాలు ఏఎంహెచ్‌ను తయారు చేస్తాయి. టీజీఎఫ్-బీటా కుటుంబానికి చెందిన ఈ హార్మోన్ తన గ్రాహకం ద్వారా సంకేతాన్ని మోసే స్మాడ్ 1, 5, 8 ప్రొటీన్లను ఉత్తేజపరచి, ఫాలికిల్‌ను ఎదిగించే పీయూష గ్రంథి హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ పట్ల ఫాలికిల్ స్పందనను, పురుష హార్మోన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చే అరోమటేజ్ ఎంజైమును తగ్గిస్తుంది. మామూలుగా ఇది, ఫాలికిల్స్ అన్నీ ఒకేసారి ఎదగకుండా చూసే కట్టడి. పీసీఓఎస్‌లో చిన్న ఫాలికిల్స్ సంఖ్యా ఎక్కువే, ఒక్కొక్కటి తయారు చేసే ఏఎంహెచ్ కూడా ఎక్కువే కావడంతో కట్టడి మితిమీరి, ఏ ఒక్క ఫాలికిల్ ముందుకు సాగదు. థీకా నుండి వచ్చిన పురుష హార్మోన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చే పని కూడా కుంటుపడుతుంది.

ఇక పైన మెదడు ఉంది. మెదడులోని హైపోథలామస్ నుండి, పీయూష గ్రంథిని నడిపే జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోన్ విడుదల వేగంగా, తరచుగా జరిగితే పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ కంటే ఎల్‌హెచ్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది. ఈ వేగాన్ని తగ్గించవలసినది ప్రొజెస్టిరాన్. పీసీఓఎస్‌లో అండం విడుదల కాదు గనుక ప్రొజెస్టిరానే తక్కువ. ఉన్న కొద్దిపాటి ప్రొజెస్టిరాన్ మాటను కూడా మెదడు వినకుండా పురుష హార్మోన్లు అడ్డుపడతాయి. వాటిని అడ్డుకునే ఫ్లూటమైడ్ ఇచ్చినప్పుడు ప్రొజెస్టిరాన్‌కు ఆ పట్టు తిరిగి వచ్చినట్లు 2000లో చూపారు. చూశారా, పురుష హార్మోన్ పెరిగితే ఎల్‌హెచ్ పెరుగుతుంది, ఎల్‌హెచ్ పెరిగితే పురుష హార్మోన్ పెరుగుతుంది. 2016లో ఏఎంహెచ్ కూడా జీఎన్‌ఆర్‌హెచ్ నాడీ కణాలను నేరుగా ఉత్తేజపరుస్తుందని తేలడంతో మీ పటంలోని మూడవ గడి కూడా మొదటి రెండింటితో కలిసిపోయింది. అందుచేత ఏది ముందు అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఉండకపోవచ్చు. ఒకరిలో ఇన్సులిన్ వైపు నుండి, మరొకరిలో థీకా వైపు నుండి ఈ వలయంలోకి దారి ఉండవచ్చునన్నది రోగులను చూసిన మీదట నాకు కలిగిన అభిప్రాయం.

మందులు ఎక్కడ పనిచేస్తాయో కూడా ఇదే పటంలో చూపవచ్చు. లెట్రోజోల్ అరోమటేజ్‌ను అడ్డుకొని ఈస్ట్రోజెన్‌ను తగ్గిస్తుంది, దానితో పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను పెంచి ఆగిన ఫాలికిల్‌ను ముందుకు నడుపుతుంది. 2014లో వెలువడిన పెద్ద పరిశీలనలో లెట్రోజోల్ వాడిన వారిలో 27.5 శాతం మందికి, అండం విడుదలకు వాడే మరో మందు క్లోమిఫీన్ తీసుకున్న వారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయంలో గ్లూకోజు ఉత్పత్తిని తగ్గించి, దాని ద్వారా ఇన్సులిన్‌ను దించుతుంది. మందుల షాపులలో విరివిగా అమ్ముతున్న ఇనోసిటాల్ పొడులకు ఇన్సులిన్ సంకేతంతో సంబంధం ఉన్న మాట నిజమే గాని, ఫలితాల సాక్ష్యం ఇంకా పలుచగానే ఉంది.

1935లో స్టెయిన్, లెవెంతాల్ అనే వైద్యులు ఏడుగురు స్త్రీల అండాశయాల నుండి కొంత భాగం కోసి తీసేస్తే అందరికీ నెలసరి తిరిగి వచ్చింది, ఇద్దరు గర్భం దాల్చారు. ఎందుకు పనిచేసిందో వారికి తెలియదు. కోత పెట్టినప్పుడు, పెరుగుదలకు కళ్లెం వేసే హిప్పో సంకేత మార్గం సడలి, వైఏపీ ప్రొటీన్ కేంద్రకంలోకి చేరి ఫాలికిల్ ఎదుగుదలను ప్రేరేపిస్తుందని 2013లో ఒక వివరణ వచ్చింది. పీసీఓఎస్ జన్యు జాబితాలో వైఏపీ1 కూడా ఉండడం గమనించదగినది.

ప్రశ్న: రాజోలు నుండి ఒక తల్లి

డాక్టరమ్మ గారూ, మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా అమ్మాయికి పదిహేనేళ్లు, పెద్దమనిషై రెండేళ్లు దాటింది. నెలసరి ఆలస్యమవుతోందని ఒక స్కానింగ్ కేంద్రంలో చూపిస్తే పీసీఓఎస్ అని రాసిచ్చారు. అన్నం వల్లే వస్తుందని ఇరుగుపొరుగు చెప్పడంతో అది అన్నం పూర్తిగా మానేసి నీరసపడిపోతోంది. ఏం చేయమంటారు?

సమాధానం: భీమవరం, స్త్రీ వైద్య నిపుణురాలు

అమ్మా, ఆ స్కానింగ్ నివేదిక ఒక్కదానిని బట్టి మీ అమ్మాయికి ఈ జబ్బు ఉందని నిర్ణయించకూడదు. రజస్వల అయిన తరువాత ఎనిమిదేళ్ల లోపు అమ్మాయిలలో ఫాలికిల్స్ సహజంగానే ఎక్కువగా కనబడతాయి గనుక, ఆ వయసులో నిర్ధారణకు స్కానింగ్‌ను గాని, ఏఎంహెచ్ పరీక్షను గాని వాడవద్దని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసుకు తగని క్రమరాహిత్యం, పురుష హార్మోన్ల ఆధిక్యం రెండూ ఉంటేనే పీసీఓఎస్ అంటారు. నెలసరుల తేదీలు రాసి పెట్టి, మూడు నెలలకు మించి ఆగితే గాని, ముఖం మీద దట్టమైన వెంట్రుకలు, తీవ్రమైన మొటిమలు వస్తే గాని స్త్రీ వైద్యులకు చూపించండి. అన్నం మాన్పించకండి.

సమాధానం: పెనుగొండ, విశ్రాంత వ్యవసాయ అధికారి

వైద్యం నాకు తెలియదు, బియ్యం సంగతి కొంత తెలుసు. అన్నం అంతా ఒకటి కాదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు 235 రకాలను పరిశీలించి 2012లో ప్రకటించిన ఫలితాలలో గ్లైసీమిక్ సూచిక (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 48 నుండి 92 వరకు ఉంది. మన మార్టేరు పరిశోధన కేంద్రం నుండి వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తక్కువ సూచిక ఉన్న వాటిలో నిలిచింది. మనం పండించి బయటకు పంపేది అది, తినడానికి మాత్రం తెల్లగా పాలిష్ పట్టిన సన్న బియ్యం కొనుక్కుంటాం. కంచంలో అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, చేప పెంచితే సరిపోతుందని నాకు తోస్తుంది, డాక్టర్లు సవరించవచ్చు.

పాలకొల్లు విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటి అడుగుతాను. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ మందులు పీసీఓఎస్‌కు పనిచేస్తాయని ఈ మధ్య చదివాను. అది ఏ మార్గంలోకి వస్తుంది? పటంలో ఎలా చూపాలి?

సమాధానం: అమలాపురం, జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు

అది ఇప్పటిదాకా మనం చెప్పుకున్న గ్రాహకాలకు దిగువన, నేరుగా ఎంజైమ్ దగ్గర పనిచేస్తుంది. కొలెస్టరాల్‌ను మొదటి మెట్టు దాటించే సీవైపీ11ఏ1 ఎంజైమును, మైటోకాండ్రియాలో ప్రొటీన్లను విచ్ఛిన్నం చేసే లాన్‌పీ1కు ఈ మందు దగ్గర చేసి, పురుష హార్మోన్ల తయారీని ఆరంభంలోనే తగ్గిస్తుందని 2024లో చైనా పరిశోధకులు చూపారు. మనుషులలో పరీక్షించినది పీసీఓఎస్ ఉన్న 19 మందిలో మాత్రమే, 12 వారాల పాటు. వారితో పోల్చి చూడడానికి మందు వాడని బృందం లేదు. గర్భధారణ తొలి వారాలలో ఈ కుటుంబపు మందుల భద్రతపై జంతు ప్రయోగాలు ఆందోళన కలిగించాయి గనుక, పిల్లల కోసం ఎదురుచూస్తున్నవారు దీనిని సొంతంగా కొని వాడకూడదని సెమినార్‌లో ఒక వాక్యం చేర్చండి.

పటం విషయంలో నా సలహా ఇది. మూడు గడులు తీసివేసి మధ్యలో థీకా కణాన్ని, దాని పక్కన గ్రాన్యులోసా కణాన్ని, పైన హైపోథలామస్‌ను, ఎడమ వైపు కాలేయాన్ని, కండరాన్ని వేయండి. ఎల్‌హెచ్ నుండి సైక్లిక్ ఏఎంపీ మీదుగా సీవైపీ17ఏ1కు వెళ్లే బాణాన్ని, ఇన్సులిన్ నుండి ఎస్‌హెచ్‌బీజీని తగ్గించే బాణాన్ని, ఏఎంహెచ్ నుండి స్మాడ్‌ల మీదుగా ఎఫ్‌ఎస్‌హెచ్ స్పందనను తగ్గించే బాణాన్ని నిండు గీతతో గీయండి. థీకా కణంలో ఇన్సులిన్ బాణాన్ని పీఐ3 కైనేజ్ మీదుగానే తీసుకెళ్లండి. సెరిన్ కైనేజ్‌ను మాత్రం చుక్కల గీతతో గీసి, ఎవరైనా ఎందుకని అడిగితే 1995 నాటి రెండు ఫలితాలను చెప్పి, వాటిని కలిపే ప్రొటీన్ ఇంకా దొరకలేదని చెప్పండి.